అరచేతంత బిడ్డను అప్పగించిన రోజు

సహోదరులారా, సహోదరీలారా, నా మనవరాలు పుట్టినప్పుడు ఏడవలేదు. చిన్నగా ఒక్క మూలుగు మూలిగింది, అంతే, ఆ తర్వాత ముళబాగిలు ఆసుపత్రి కాన్పు గదిలో పెద్దవాళ్ల అడుగుల చప్పుడే గాని బిడ్డ గొంతు వినిపించలేదు. ఎనిమిదో నెల నిండకుండానే నా కోడలికి నొప్పులు వచ్చాయి. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు, ఇది రెండోది, ఈసారైనా ఇంట్లో పసిబిడ్డ ఏడుపు వినాలని ఎదురుచూస్తున్న మాకు కిలోకి కాస్త పైన తూగే పాప పుట్టింది. నా అరచేతిలో తల పెడితే మణికట్టు దాటి కాస్త దూరంలో కాళ్లు, అంతే బిడ్డ. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతున్నది. 

నన్ను ఎరగనివారికి ఒక మాట చెప్పాలి. నా పేరు సుందరమ్మ, కర్ణాటకలో కోలారు జిల్లా, ఆవని పక్కన మాది ఒక చిన్న పల్లె, పట్టుపురుగులు మేపుకుని బతుకుతున్నాం. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు గాని రాయడం రాదు, అందుకని సంఘం పత్రికకు ఈ సాక్ష్యం నేను చెబుతుంటే నా కోడలు సలోమి రాస్తున్నది. నా యాసనంతా దిద్ది పత్రిక భాషలో పెడతానంటున్నది. పెట్టుకోనీ, సంగతి మాత్రం మార్చవద్దు, ఎవరు ఏ మాట అన్నారో ఆ మాట అట్లే రాయాలి అని ముందే గట్టిగా చెప్పాను.

మా చుట్టుపక్కల పల్లెల్లో నాకొక పేరు ఉంది. సుందరమ్మ చెయ్యి మంచిది అంటారు. కొత్తగా పురుగులు తెచ్చుకున్నవాళ్లు, హిందువులైనా సరే మా సంఘంవాళ్లైనా సరే, మొదటి గుప్పెడు పురుగులను తట్టలో పోయడానికి నన్నే పిలుస్తారు. నేను తలస్నానం చేసి, ప్రార్థన చేసుకుని, వెళ్లి పోసి వస్తాను. పంట బాగా పండితే నా చెయ్యి మంచిదంటారు, పండకపోతే మేపిన మల్బరీ ఆకు మంచిది కాదంటారు. ఏళ్ల తరబడి అట్లా అనిపించుకుంటే మనిషికి ఏమవుతుంది? నాకూ అదే అయింది. ప్రార్థన నోటితో చేసేదాన్ని, నమ్మకం చేతి మీద పెట్టుకునేదాన్ని.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో డాక్టరు మా అందరినీ పిలిచి నిలబెట్టాడు. చిన్న వయసువాడే, మా వైపు తెలుగే మాట్లాడతాడు.

"అమ్మా, ఈడ బిడ్డను వెచ్చగా పెట్టేదానికి మిషన్ ఉండాది, ఆక్సిజన్ ఉండాది. ఈ పాపకు అది చాలదు. ఊపిరికి తోడిచ్చే మిషన్ కావల్ల, గొట్టంతో పాలు పట్టల్ల, పొద్దస్తమానం పక్కనే ఉండి చూసే నర్సులు కావల్ల. అదంతా కోలారు పెద్దాసుపత్రిలో, పసిబిడ్డల యూనిట్లో ఉండాది. ఒక్కో ఆసుపత్రికి ఒక్కో మట్టం అమ్మా. ఈ బిడ్డ మా మట్టానికి మించింది. తడవు చెయ్యొద్దండి, అంబులెన్సు పిలిచినాను."

కూతుర్ని చూసిపోదామని ముందురోజే రాబర్ట్‌సన్‌పేట నుంచి వచ్చి ఉన్న మా వియ్యపురాలు కమలమ్మ వదిన వెంటనే అడ్డం పడింది. వాళ్లది తాతల నాడు చిత్తూరు వైపు నుంచి కేజీఎఫ్ బంగారు గనుల పనికి వచ్చి, అక్కడి ఆ పేటలోనే నిలిచిపోయిన కుటుంబం. కేజీఎఫ్ దాటితే ఆమెకు అంతా పరాయి దేశమే.

"కోలారు వద్దు వదినా, ఆ పెద్దాసుపత్రిలో మనల్ని ఎవరు పలకరిస్తారు? మా పేటలో తెలిసిన నర్సింగ్ హోమ్ ఉండాది. మా ఇంటి బిడ్డలంతా ఆడే పుట్టినారు. ఆ డాక్టరమ్మ చెయ్యి చానా మంచిది" అన్నది.

చెయ్యి మంచిది అన్న మాట ఇంకొకరి గురించి వినేసరికి నాకు ఆ కష్టంలో కూడా రోషం పొడుచుకొచ్చింది.

"మీ డాక్టరమ్మ చెయ్యి ఎందుకు వదినా, నా చెయ్యి యాడికి పోయింది? ఇంటికి తీసకపోదాం. దూదిలో చుట్టి, వెచ్చగా పెట్టి, చుక్క చుక్క పాలు పోసి నేను సాకుతాను. వెంట్రుక మందం పురుగును సాకిన చెయ్యి ఇది."

ఇద్దరు ఆడవాళ్లం ఆ వరండాలో అట్లా వాదులాడుకుంటూ ఉంటే, లోపల బిడ్డ పక్కటెముకల కింద ఆ గుంట పడుతూనే ఉంది. అప్పుడు నా కొడుకు దావీదు నోరు తెరిచాడు. వాడు నెమ్మదైనవాడు, నా మాటకు ఎదురు చెప్పి ఎరగడు.

"అమ్మా, మనం ఇంట్లోనే గుడ్లు పొదిగించిన ఏడు గుర్తుండాదా నీకి?" అన్నాడు.

గుర్తు లేకుండా ఎట్లా ఉంటుంది? పట్టుపురుగుల సంగతి తెలియనివారికి చెబుతాను, గుడ్డులోంచి బయటికి వచ్చిన పురుగు వెంట్రుక ముక్కలా ఉంటుంది, దానికి వేడి కాస్త తగ్గినా కష్టమే, గాలిలో తేమ కాస్త తగ్గినా కష్టమే. అందుకని రైతులు ఆ పసి పురుగులను ఇంట్లో పెంచరు. వాటికోసం చాకీ సెంటర్లు ఉన్నాయి, పసి పురుగులను సాకడమే అక్కడివాళ్ల పని. పురుగు ఆకు మానేసి కదలకుండా పడుకుని పొర విడవడాన్ని మేము జ్వరం అంటాం. రెండో జ్వరం లేచి కాస్త గట్టిపడ్డాకే రైతు వాటిని ఇంటికి తెచ్చుకుంటాడు. నేను మాత్రం ఒక ఏడు, నా చెయ్యి ఉండగా ఇంకొకరి దగ్గర ఎందుకని, గుడ్లు తెచ్చి ఇంట్లోనే తడి గోనెలు కట్టి, కుంపటి పెట్టి, కంటికి రెప్పలా కాచుకున్నాను. ప్రేమకు తక్కువ చేయలేదు. అయినా అవి ఆకు మీదే ఎండిపోయాయి, తట్టంతా దుమ్ము చల్లినట్టు మిగిలింది.

"పురుగునే చాకీ సెంటరులో పెట్టి తెచ్చుకుంటామే, నా బిడ్డను మాత్రం ఇంటికి తీసకపొమ్మంటావా?" అని వాడు నా ముఖంలోకి చూశాడు. వాడి కళ్లలో నీళ్లు లేవు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. సరే, కోలారే పోదాం అన్నాను. కమలమ్మ వదిన కూడా కొంగు నోట్లో కుక్కుకుని తల ఊపింది.

అంబులెన్సు వచ్చింది. సలోమికి రక్తం బాగా పోయింది, ఆమె లేవకూడదన్నారు. కన్నతల్లి ఒక ఊళ్లో, బిడ్డ ఇంకొక ఊళ్లో అన్నమాట. తల్లి దగ్గర కమలమ్మ వదిన ఉండిపోయింది. బండిలో ఉన్న నర్సమ్మ నన్ను ఎక్కించుకుని, "అవ్వా, రవిక హుక్కులు తియ్యి. పాపను నీ రొమ్ముకు ఆనించి పైన గుడ్డ కట్టేస్తాను. కోలారు చేరేదాకా నీ ఒంటి వేడే దీనికి ఆధారం" అన్నది. నేను సిగ్గుపడలేదు. ఆ బిడ్డ నా ఎముకల మీద పడుకున్నది, బరువే లేదు, వెచ్చని ఆకు ఒకటి అంటుకున్నట్టు ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. దావీదు ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు చెప్పబోయే సంగతి ఇంతవరకు నా కోడలికి నేను చెప్పలేదు. ఆమె రాస్తూ రాస్తూ ఇప్పుడే వింటున్నది. సలోమీ, కలం ఆపకు, రాయి.

మామిడికాయల లారీలు దారి పొడుగునా వరుసగా పోతున్నాయి, మా బండి కూత పెడుతూ వాటిని దాటుకుంటూ పోతున్నది. అంతలో నా రొమ్ము మీద ఆ చిన్న కదలిక ఆగిపోయింది. ముందు నాకు అర్థం కాలేదు, నిద్రపోయింది అనుకున్నాను. నర్సమ్మ గుడ్డ తీసి చూసింది, బిడ్డ పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆమె అరికాలి మీద వేలితో కొడుతున్నది, వీపు రుద్దుతున్నది, పేరు పెట్టని బిడ్డను "పాపా, పాపా" అని పిలుస్తున్నది. నా రెండు చేతులూ ఆ బిడ్డ చుట్టూనే ఉన్నాయి, సహోదరులారా, ఊరంతా మంచివని చెప్పిన చేతులు, వాటికి ఏమీ చేతకాలేదు. ఆ క్షణంలో నా నోట వచ్చిన ప్రార్థన ఇది, పెద్ద మాటలేమీ లేవు:

"ప్రభువా, ఊపిరి ఊదినోడివి నువ్వే, ఇంగొక్కసారి ఊదు తండ్రీ. నా చెయ్యి మంచిది కాదయ్యా. నీ చెయ్యే మంచిది. నీకే ఇచ్చేస్తా ఉండాను, నువ్వు తీసుకో, నువ్వే సాకు."

నర్సమ్మ ఇంకొకసారి గట్టిగా అరికాలి మీద కొట్టింది. బిడ్డ ఒళ్లు ఝల్లుమన్నది. నా చర్మం మీద ఆ ఊపిరి మళ్లీ తగిలింది. అది నర్సమ్మ వేలా, ప్రభువు ఊపిరా అని మీలో కొందరు అడగవచ్చు. నాకు ఆ రెండూ వేరువేరుగా కనిపించలేదు. వేలిని పంపినవాడు ఎవరు? దేవునికే మహిమ.

నా కోడలు కలం పక్కన పెట్టి లోపలికి పోయి ముఖం కడుక్కుని వచ్చింది. మళ్లీ రాస్తున్నది.

కోలారులో ఆ యూనిట్ తలుపు దగ్గర చెప్పులు విడవమన్నారు, మోచేతుల దాకా సబ్బుతో కడగమన్నారు. బయటివాళ్లు లోపలికి రాకూడదు, దగ్గు ఉన్నవాళ్లు దరిదాపుల్లో ఉండకూడదు, ఆకువక్క నమిలి రాకూడదు అన్నారు. మిగతావాళ్లు విసుక్కుంటున్నారు గాని నాకు ఆ మాటలు వింటే ప్రాణం కుదుటపడింది. నా పురుగుల షెడ్డు దగ్గర నేను అనే మాటలే అవి. పొగాకు వాసనతో వచ్చినవాణ్ణి, సొంత అన్నయినా సరే, గడప దాటనిచ్చేదాన్ని కాదు. పసిప్రాణాన్ని సాకడం తెలిసినవాళ్ల ఇంటికే వచ్చాం అనుకున్నాను. కానీ ఈసారి గడప బయట నిలబడవలసింది నేను. గుడ్డ విప్పి, ఆ బిడ్డను లోపలి నర్సు చేతుల్లో పెట్టినప్పుడు నా రొమ్ము మీద ఒక్కసారిగా చలి వేసింది. తలుపు మూసుకుంది. నేను ఆ గోడ పక్కనే నిలబడి రవిక హుక్కులు పెట్టుకున్నాను.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో వివరంగా చెప్పలేను. సలోమి కాస్త లేవగలిగినాక ఆమెనూ కోలారు తెచ్చారు. ఆమె పాలు పిండి గిన్నెలో ఇస్తే, గొట్టంతో బిడ్డ కడుపులోకి పంపేవారు, మొదట చెంచాడు కూడా కాదు. ఒక వారం బాగుందన్నారు. అంతలో బిడ్డ ఒంట్లోకి ఏదో క్రిమి చేరి జ్వరం పట్టింది, పాలు ఆపేశారు, మందులు ఎక్కించారు, అక్కడి డాక్టరమ్మ మా దావీదుతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం చూసి నేను వరండాలోనే మోకాళ్ల మీద పడ్డాను. ఊళ్లో మా పాస్టరు అయ్యగారు సంఘాన్ని కూర్చి ఉపవాస ప్రార్థన పెట్టారు. రాబర్ట్‌సన్‌పేటలో కమలమ్మ వదిన సంఘం కూడా ప్రార్థించింది. పక్కమంచం బిడ్డ తల్లి ముస్లిం పిల్ల, ఆమె కూడా తన బిడ్డతో పాటు మా బిడ్డ కోసం మొక్కుకున్నది. ఆ పిల్ల బిడ్డ దక్కలేదు, సహోదరులారా. నేను ఈ మాట దాచి నా సంతోషం ఒక్కటే చెబితే అది అబద్ధ సాక్ష్యమవుతుంది. ఆమె బిడ్డను గుడ్డలో చుట్టి తీసుకుపోతూ నా కోడలి తల నిమిరి పోయింది. ఎందుకు ప్రభువా అని అడిగాను. నాకు ఇంతవరకు జవాబు రాలేదు. ఆ తల్లి కోసం నేటికీ ప్రార్థిస్తున్నాను.

మా బిడ్డకు జ్వరం దిగింది. మళ్లీ పాలు మొదలుపెట్టారు. చెంచాడు రెండు చెంచాలైంది, ముక్కు దగ్గరి మిషన్ తీసేశారు, తనంతట తాను ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పి తీరాలి. బిడ్డ పుట్టిన రోజున నా షెడ్డులో పురుగులు పెద్ద మేతలో ఉన్నాయి. అంటే పొద్దునా సాయంత్రమూ ఆకు కోసి వేస్తూనే ఉండాలి, ఒక్క పూట తప్పితే పంట పోయినట్టే. నేను ఆ పురుగుల సంగతే మరచిపోయాను. మా పక్కింటి నారాయణమ్మ, ఆమె కోడళ్లు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని, ఎవరూ చెప్పకుండానే ఆకు కోసి వేశారు, పురుగు పండి గూడు కట్టే వేళకు చంద్రికలనే వెదురు చాపల మీదికి ఎక్కించారు, గూళ్లు విడిపించి మార్కెట్టుకు కూడా పంపారు. నేను ఊరికి వచ్చి చూస్తే షెడ్డు శుభ్రంగా కడిగి ఉంది. ఆ పంట ఎట్లా పండిందనుకున్నారు? నా చెయ్యి పడిన ఏ పంటా అంత బాగా పండలేదు. నేను నారాయణమ్మ ముందు నవ్వి, ఇంటికి వచ్చి ఏడ్చాను. ప్రభువు నన్ను మందలించినా ఎంత మెత్తగా మందలించాడో చూడండి.

కొన్ని వారాలకు కోలారు డాక్టరమ్మ మమ్మల్ని పిలిచి, బిడ్డకు ఇంక ఇక్కడి మిషన్లు అక్కర లేదు, బరువు పెరగడమే మిగిలింది, ముళబాగిలు ఆసుపత్రికి పంపిస్తాం, అక్కడ తల్లి రొమ్ముకు కట్టుకుని పాలు పడితే చాలు అన్నది. చూడండి మనిషి బుద్ధి. మొదట కోలారు పోనన్న నేనే ఇప్పుడు కోలారు వదలనన్నాను. "ఈడ్నే ఉంటాము తల్లీ, చిన్నాసుపత్రికి పంపి మా బిడ్డను చంపొద్దు" అని ఆమె కాళ్లు పట్టుకోబోయాను. ఆ పిల్ల డాక్టరమ్మ వెనక్కి జరిగి నా కోడలి వైపు చూసింది.

సలోమి కేజీఎఫ్ పిల్ల, పెళ్లై వచ్చేదాకా పట్టుపురుగును ముట్టుకోలేదు. ఆమె అన్నది: "అత్తా, రెండో జ్వరం లేసిన పురుగును చాకీ సెంటరులోనే పెట్టుకుంటారా? ఇంటికి తెచ్చుకోమంటారు కదా. ఆ మంచం కోసం ఇంకో బిడ్డ వస్తా ఉంటాది."

నా పాఠం నాకే అప్పజెప్పింది. ఈ వాక్యం రాస్తూ నవ్వుతున్నది కూడా.

ముళబాగిలులో మేము బిడ్డను పగలంతా వంతులు వేసుకుని రొమ్ముకు కట్టుకున్నాం, తల్లి కొంతసేపు, నేను కొంతసేపు, తన వంతు వచ్చినప్పుడు దావీదు చొక్కా విప్పి కదలకుండా కూర్చునేవాడు, ఉచ్చ పోసినా కదిలేవాడు కాదు. మొదటిసారి చిన్నాసుపత్రి చాలదని మమ్మల్ని పంపిన ఆ డాక్టరే, ఇప్పుడు ఈ ఆసుపత్రే చాలునని నవ్వుతూ చెప్పాడు. బిడ్డ తల్లి రొమ్ము పట్టుకుని తనంతట తాను పాలు తాగిన రోజు మమ్మల్ని ఇంటికి పంపారు. మా గుడిలో అయ్యగారు ఆమెను చేతుల్లోకి తీసుకుని ప్రతిష్ఠ ప్రార్థన చేసి కృప అని పేరు పెట్టారు. ఆమెకు ఇప్పుడు నడక వచ్చింది, ఒక కంటికి అద్దాలు అవసరం కావచ్చు అంటున్నారు, చూపించుకోవడానికి కోలారు పోతూ వస్తూ ఉన్నాం. అది కూడా ఆయన చేతిలోనే ఉంది.

మొన్న వేసవిలో నారాయణమ్మ చిన్న కోడలికి నెలలు నిండకుండానే మగబిడ్డ పుట్టాడు, ఇంట్లోనే, బండి వచ్చేలోపు. బిడ్డ చాలా చిన్నవాడు. నారాయణమ్మ పరుగెత్తుకుంటూ మా వాకిట్లోకి వచ్చింది.

"సుందరమ్మక్కా, నీ చెయ్యి మంచిది. ఒక్కతూరి వచ్చి బిడ్డను ముట్టక్కా. నువ్వు ముడితే బతుకుతాడు."

ఆ మాట వినడానికి నేను ఎన్నేళ్లు బతికానో మీకు తెలుసు. "నా చేతిలో ఏమీ లేదు నారాయణమ్మా. పద, వాణ్ణి గుడ్డలో చుట్టకు, తల్లి రొమ్ముకు ఆనించు, బండి ఎక్కుదాం. వాణ్ణి సాకేవాళ్లు యాడ ఉండారో నాకు తెలుసు. దోవంతా నేను ప్రార్థన చేస్తా వస్తాను" అన్నాను. నా పురుగులు ఆ రోజు కూడా పెద్ద మేతలోనే ఉన్నాయి. సలోమి చూసుకున్నది. ఆ బిడ్డ ఇప్పుడు నారాయణమ్మ చంకలో ఉన్నాడు.

ప్రియులారా, మీ ఇంట కూడా చిన్న బిడ్డ పుడితే, ప్రార్థన చేస్తూ ఇంట్లో కూర్చోవద్దు, ప్రార్థన చేస్తూ బండి ఎక్కండి. మీకు తెలిసిన చెయ్యి, మీకు దగ్గరైన చెయ్యి, మీ సొంత చెయ్యి అని పట్టుకుని వేలాడవద్దు. ఆ బిడ్డకు ఏ చెయ్యి కావాలో ఆ చేతికి అప్పగించండి, ఆ చేతుల వెనుక ఉన్న చేతిని నమ్మండి. ఎవరి బిడ్డ దక్కలేదో వాళ్ల పక్కన కూర్చుని ఏడవండి, వాళ్లకు బోధలు చెప్పవద్దు. నన్ను నా చేతి నుంచి విడిపించిన యేసయ్యకు నేను బతికినన్నాళ్లూ వందనాలు చెబుతాను.

ఇంకా చెప్పాలని ఉంది గాని సలోమి కలం మూత పెడుతున్నది. కృప నిద్ర లేచి, అమ్మ కనబడలేదని ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడుస్తున్నది. పొమ్మన్నాను, ఈ చివరి మాటలు బిడ్డను ఎత్తుకుని వచ్చాక రాసింది. పోతూ పోతూ ఆ తల్లి గుమ్మం దగ్గర ఆగి, కాసేపు ఆ ఏడుపు వింటూ నిలబడింది. నేనూ విన్నాను.